చేయని తప్పుకు నింద, చేసిన నేరానికి మాఫీ

మిడ్‌వే యుద్ధం గురించి నాలుగు ముక్కలు చదివినవాళ్ళను ఎవరిని కదిపినా ఒక అరగంట కథ చెబుతారు. 1942 జూన్ 4న తెల్లవారకముందే జపాన్ నౌకాదళం శత్రువు జాడ కోసం విమానాలు పంపింది. అన్నీ 4.30కి లేవాలి. ‘టోనె’ అనే హెవీ క్రూయిజర్‌కు చెందిన నాలుగో నంబరు విమానం మాత్రం 5 గంటలకు గాని లేవలేదు. కర్మం చాలక అమెరికా విమానవాహక నౌకలు ఆ విమానం గాలించాల్సిన వైపే ఉన్నాయి. దాంతో కబురు ఆలస్యమైంది. కబురుతో పాటు జపాన్ వాహక నౌకల దళాధిపతి అడ్మిరల్ నగుమో నిర్ణయమూ ఆలస్యమైంది. ఆ సందులో అమెరికా డైవ్ బాంబర్లు వచ్చి మీద పడ్డాయి. సాయంత్రానికల్లా నాలుగు జపాన్ వాహక నౌకలూ మంటల పాలయ్యాయి. ఇంతకీ కారణమేమిటయ్యా అంటే, ఒక క్రూయిజర్ మీద విమానాన్ని విసిరే క్యాటపల్ట్ మొరాయించడం!

పుస్తకాల్లో ఇదే కథ, 1976 నాటి హాలీవుడ్ సినిమాలో ఇదే కథ, డాక్యుమెంటరీల్లోనూ ఇదే. నౌకాయుద్ధాల గేములు ఆడేవారి మధ్య టోనె పేరెత్తితే ముందుగా వచ్చే ఎగతాళి కూడా క్యాటపల్ట్ మీదే. ఓడ పేరు పక్కనే ఆ అరగంట ఇంటిపేరులా అంటుకుపోయింది.

నేను దీన్ని ఒప్పుకోను. ఆ విమానం ఆలస్యంగా లేచిన మాట నిజం. ఆ ఆలస్యం యుద్ధాన్ని ఓడించిందన్న మాట నిజం కాదు. అంతకన్నా చిరాకు పుట్టించే సంగతి ఇంకొకటుంది. ఈ ఓడ విషయంలో నిలబడే అభియోగం ఒకటుంది, అది న్యాయస్థానంలో రుజువైంది కూడా. దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఆటల్లో, నేను చూసిన మేరకు, దాని ఊసే లేదు.

ముందు ఓడ సంగతి. నాగసాకిలోని మిత్సుబిషి నౌకానిర్మాణ కేంద్రంలో తయారై 1938 నవంబరులో జపాన్ నౌకాదళంలో చేరింది. దీని జంట ఓడ చికుమా. రెండూ నదుల పేర్లే. వీటిని బొమ్మలో చూస్తే ఎవరికైనా వింతగా తోస్తుంది: ఎనిమిది పెద్ద ఫిరంగులూ, నాలుగు గోపురాలూ ముందు భాగంలోనే కిక్కిరిసి ఉంటాయి. వెనక సగం బోసిగా కనిపిస్తుంది. ఆ ఖాళీ, నీటి మీద వాలే విమానాల కోసం. మామూలు క్రూయిజర్లు రెండో మూడో విమానాలు మోసేచోట ఇవి ఐదారు మోయగలవు. అంటే ఇది తుపాకీ పట్టిన సిపాయి కంటే వేగులవాడి పని కోసం పుట్టిన ఓడ.

అలాంటి ఓడ ఎందుకు అవసరమైంది? విమానవాహక నౌకల మీది విమానాలన్నీ దాడికే కావాలి, వెతుకులాట పేరుతో ఒక్కదాన్ని కూడా తగ్గించుకోకూడదు అన్నది ఆనాటి జపాన్ నౌకాదళపు పట్టుదల. కాబట్టి వెతికే పనిని క్రూయిజర్లకు అప్పజెప్పారు. టోనె ఆకారమే ఆ సిద్ధాంతానికి ఉక్కుతో పోసిన రూపం. మిడ్‌వేలో తప్పు ఎక్కడ జరిగిందో వెతకాలంటే క్యాటపల్ట్ దగ్గర కాదు, ఇక్కడ మొదలుపెట్టాలి.

జూన్ 4న నగుమో పంపిన గాలింపు విమానాలు మొత్తం ఏడు. అకాగి, కాగా అనే వాహక నౌకల నుంచి ఒక్కొక్కటి, టోనె నుంచి రెండు, చికుమా నుంచి రెండు, హరునా అనే యుద్ధనౌక నుంచి ఒకటి. ఆ చివరిది పాతబడ్డ రకం, ఎక్కువ దూరం పోలేనిది. తూర్పున, దక్షిణాన వేల చదరపు మైళ్ళ సముద్రాన్ని ఈ ఏడే జల్లెడ పట్టాలి. ఒక్కో దారిలో ఒక్కసారి ఒక్క విమానం. కింద మబ్బు పడితే అంతే సంగతులు, వెనకాల ఇంకో విమానం రాదు. అదే ఉదయం అమెరికన్లు మిడ్‌వే దీవి నుంచి ఇరవైకి పైగా పెద్ద గాలింపు విమానాలను పంపారు. వాళ్ళకు శత్రువు వస్తున్నాడని రహస్య సంకేతాలు విప్పి ముందే తెలుసు. అయినా అన్ని పంపారు. నగుమోకు ఏమీ తెలియదు. అయినా ఏడే పంపాడు. అమెరికన్లకు జపాన్ వాహక నౌకలు 5.34కే కనిపించాయి.

ఇప్పుడు నాలుగో నంబరు విమానం లెక్క చూద్దాం. దాని దారి దాదాపు తిన్నగా తూర్పుకు. 300 నాటికల్ మైళ్ళు పోయి, ఎడమకు తిరిగి 60 మైళ్ళు నడిచి, వెనక్కి రావాలి. దాని మామూలు వేగం గంటకు 120 నాటికల్ మైళ్ళు. 5 గంటలకు లేచింది కాబట్టి ఆదేశం ప్రకారం పోతే 7.30 ప్రాంతంలో ఇంకా తన దారి చివరికి చేరుకుంటూ ఉండాలి. కానీ 7.28కి అది శత్రు ఓడలు కనిపించాయని కబురు పంపింది, అదీ ఆ చివరన కాదు, అంతకంటే ఇవతల, తన గీతకు ఉత్తరంగా. అంటే ఏమిటి? అది పూర్తి దూరం పోలేదు, మధ్యలోనే ఎడమకు తిరిగింది. ఆలస్యం వల్ల సమయం కలిసిరావాలని అలా చేశారో, మరెందుకు చేశారో గాని, ఆ తిరగడం వల్లనే అమెరికన్లు కంటబడ్డారు. సరైన వేళకు లేచి, చెప్పిన దారిలో చెప్పినట్టు పోయి ఉంటే 7.28 కంటే ముందే కబురు వచ్చేదని చెప్పే లెక్క ఏదీ లేదు. ఇంకా ఆలస్యమయ్యేదనడానికే ఎక్కువ ఆస్కారం ఉంది. జోనథన్ పార్షల్, ఆంథొనీ టల్లీ 2005లో వచ్చిన తమ పుస్తకంలో ఈ సంగతి పటాలు గీసి మరీ చూపించారు. ఇరవై ఏళ్ళు దాటినా అరగంట కథ చెక్కుచెదరలేదు.

నిజంగా నిలదీయాల్సిన విమానం ఒకటుంది. అది చికుమాది. ఒకటో నంబరు. వేళకే లేచింది, ఉత్తరం పక్క దారిలో వెళ్ళింది, అమెరికన్ ఓడలకు దగ్గరగానే పోయింది. మబ్బుల పైన ఎగిరింది గనక కింద ఏముందో చూడలేదు. దాని మీద ఎవరూ కథలు అల్లలేదు. ఆలస్యంలో నాటకం ఉంది, మబ్బులో లేదు. గడియారం చూపించి చెప్పే కథ చెవికి ఎక్కినంత సులువుగా, ‘విమానాలు చాలలేదు’ అనే నిజం ఎక్కదు.

ఇక్కడ అవతలి పక్షం బలమైన వాదనను దాటవేయడం సబబు కాదు. పోనీ, కబురు ఎలాగోలా అరగంట ముందే, 7 గంటలకు ముందే వచ్చిందనుకుందాం. మొదటి దళాన్ని మిడ్‌వే దీవి మీదికి పంపిన నగుమో, తన దగ్గరున్న రెండో దళానికి టార్పెడోలు తీసేసి నేల మీద వేసే బాంబులు తగిలించమని అప్పటికింకా చెప్పలేదు, ఆ ఆదేశం 7.15కి వచ్చింది. అప్పుడైతే టార్పెడోలతో ఉన్న విమానాలను ఉన్నపళంగా పంపించి ఉండేవాడు కదా అంటారు. వినడానికి బాగుంది. కానీ 7.28 నాటి కబురులో ఉన్నది ‘పది ఓడలు’ అని మాత్రమే, అదీ యాభై మైళ్ళ తేడాతో తప్పుడు చోటు చెబుతూ. వాటిలో వాహక నౌక ఉన్నట్టుందని చెప్పింది 8.20కి. కబురును అరగంట ముందుకు జరిపినా ఆ అస్పష్టత అలాగే ఉండేది. పైగా కింది అంతస్తులో ఉన్న విమానాలను పైకి తెచ్చి, వరసలో పెట్టి, ఇంజన్లు వేడెక్కించడానికి ముప్పావు గంట దాకా పడుతుంది. ఆ పైఅంతస్తు మీదే రక్షణ విమానాలు దిగుతున్నాయి, ఎగురుతున్నాయి, మిడ్‌వే నుంచి వచ్చిన అమెరికన్ విమానాలు 7.10 నుంచే మీద పడుతున్నాయి. అన్నిటికీ మించి, ఎంటర్‌ప్రైజ్, హార్నెట్ అనే అమెరికా వాహక నౌకలు 7 దాటగానే తమ విమానాలను లేపడం మొదలుపెట్టాయి. నగుమో ఏం చేసినా అవి గాలిలోకి లేచేవే. అరగంట ముందు కబురు అందితే అమెరికన్లకు ఇంకొన్ని దెబ్బలు తగిలి ఉండవచ్చు, అంతవరకు ఒప్పుకుంటాను. నగుమో మీదికి వచ్చేవి మాత్రం ఆగేవి కావు.

ఇంతటితో ఆగినా అరగంట కథ కూలినట్టే. కానీ దాన్ని వేళ్ళతో సహా పెకలించే సాక్ష్యం మన హిందూ మహాసముద్రంలోనే ఉంది. మిడ్‌వేకు సరిగ్గా రెండు నెలల ముందు.

1942 ఏప్రిల్ 5న నగుమో దళం కొలంబో మీద దాడి చేసింది. దాడి విమానాల నాయకుడు ఫుచిదా మరో దఫా బాంబులు వేయాలని కబురు పంపాడు. వాహక నౌకల మీద ఓడల కోసం సిద్ధంగా ఉంచిన విమానాలకు టార్పెడోలు తీసి బాంబులు తగిలించమని ఆదేశం వెళ్ళింది. ఆ పని సగంలో ఉండగా గాలింపు విమానం ఒకటి శత్రు క్రూయిజర్లు కనిపించాయని చెప్పింది. ఆ విమానం ఏ ఓడది? టోనెదే. ఆలస్యమేమీ లేదు, చేయాల్సిన పని చేసింది. అయినా ఏం జరిగింది? మళ్ళీ టార్పెడోలు పెట్టండి అన్నారు. ఆ మార్పు వేళకు పూర్తికాలేదు. టార్పెడో విమానాల సంగతి వదిలేసి 53 డైవ్ బాంబర్లను మాత్రం పంపారు. అవి డార్సెట్‌షైర్, కార్న్‌వాల్ అనే రెండు బ్రిటిష్ క్రూయిజర్లను ఇరవై నిమిషాల్లో ముంచేశాయి. 424 మంది చనిపోయారు. అవతల వాహక నౌకలు లేవు గనక, దగ్గర్లో ఉన్న బ్రిటిష్ అడ్మిరల్ సోమర్‌విల్ దళం కంటబడలేదు గనక, ఆ గందరగోళం గెలుపు కింద జమైంది.

నాలుగు రోజుల తరవాత, ఏప్రిల్ 9న, తొమ్మిది బ్రిటిష్ బ్లెన్‌హైమ్ బాంబర్లు సింహళం నుంచి వచ్చి నగుమో దళం నెత్తిమీద బాంబులు వదిలాయి. అవి పడి నీళ్ళు పైకి లేచేదాకా జపాన్ ఓడల్లో ఎవరూ విమానాలను చూడలేదు. అకాగికి తగలలేదు, అంతే తేడా. తొమ్మిదింటిలో ఐదు తిరిగి రాలేదు గాని, చూపించాల్సింది చూపించే పోయాయి.

నేల మీద దాడికి సగం దళం, ఓడల కోసం సగం దళం. మధ్యలో మనసు మారితే ఆయుధాల మార్పిడి. పైన ఆకాశాన్ని కాసే కన్ను లేదు. ఇవన్నీ జూన్‌లో కొత్తగా పుట్టిన జబ్బులు కావు. ఏప్రిల్‌లో లక్షణాలతో సహా బయటపడినవే. ఆ రోజు టోనె విమానం వేళకు లేచింది. వేళకు లేచినా అదే గందరగోళం. మరి అరగంట మీద నేరం ఎలా మోపుతారు? ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉంది.

అదే వారంలో మన తీరం దగ్గర జరిగింది కూడా ఒకసారి తలచుకోవాలి. నగుమో సింహళం దక్షిణాన ఉండగా, అడ్మిరల్ ఒజావా దళం బంగాళాఖాతంలోకి దిగింది. చోకాయ్, మొగామి, మికుమా, కుమానో, సుజుయా అనే ఐదు హెవీ క్రూయిజర్లు, ర్యూజో అనే చిన్న వాహక నౌక. ఏప్రిల్ 6న ర్యూజో విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. విశాఖ మీద బాంబు పడిన కథ మన పెద్దల నోట ఇంకా వినిపిస్తుంది. ఆ రోజే తీరానికి అవతల క్రూయిజర్లు గుంపులుగా విడిపోయి, రక్షణ లేని సరుకు ఓడలను ఒక్కొక్కదాన్నే వెంటాడి ఫిరంగులతో ముంచిన సంగతి అంతగా వినపడదు. ఆ కొద్ది రోజుల్లో ఒజావా దళం ముంచిన వర్తక నౌకలు 23. నౌకాయుద్ధ గేముల్లో మొగామి అంటే మోజు ఎక్కువ. ఆ ఓడ మన సముద్రంలో చేసిన పని అది. ఆటలో హెవీ క్రూయిజర్ ఎదుటి క్రూయిజర్‌తో తలపడుతుంది. చరిత్రలో దాని రోజుల్లో చాలావరకు వెతకడంలో, కాపలాలో, ఎదురు తిరగలేనివాటిని వేటాడటంలో గడిచాయి.

సరే, ఈ అరగంట కథ పుట్టిందెక్కడ? ఆ ఫుచిదా దగ్గరే. పెర్ల్ హార్బర్ దాడికి గాలిలో నాయకత్వం వహించిన ఆయన మిడ్‌వే నాటికి అపెండిసైటిస్ ఆపరేషన్ చేయించుకుని అకాగి మీద పడుకుని ఉన్నాడు. ఒకుమియా అనే మరో నౌకాదళ అధికారితో కలిసి 1951లో పుస్తకం రాశాడు. 1955లో అది ఇంగ్లిష్‌లోకి వచ్చింది. ఇంకో ఐదు నిమిషాలు దొరికి ఉంటే జపాన్ విమానాలు లేచిపోయేవి అన్న ప్రసిద్ధ కథ కూడా అందులోదే. ఓడిన సైన్యాధికారి రాసిన పుస్తకంలో ఇలాంటివి ఉండటంలో ఆశ్చర్యం లేదు. అరగంట, ఐదు నిమిషాలు అంటే అదృష్టం తిరగబడింది అని అర్థం. ఏడు విమానాలే పంపాం అంటే మేం తప్పు చేశాం అని అర్థం. ఆయన ఏది ఎంచుకుంటాడో చెప్పనక్కర్లేదు. జపాన్ అధికారిక యుద్ధచరిత్ర 1971లో మిడ్‌వే సంపుటం ప్రచురించి, దాడికి సిద్ధమై నిలబడ్డ విమానాలతో ఓడలు నిండి ఉన్నాయన్న మాటను కొట్టేసింది. ఇంగ్లిష్ చదివే ప్రపంచం ముప్పై ఏళ్ళకు పైగా దాన్ని పట్టించుకోలేదు. అనువాదమైన పుస్తకం ఒకటి చేతిలో ఉంటే, అనువాదం కాని పుస్తకాన్ని ఎవరు వెతుకుతారు?

అదే పుస్తకంలో ఆటగాళ్ళు బాగా ఇష్టపడే ఇంకో కథ ఉంది. 1942 మే మొదట్లో యమాతో నౌక మీద మిడ్‌వే దాడిని బల్ల మీద యుద్ధక్రీడగా ఆడారు. పాచికలు వేసిన నిర్ణేత ఒకుమియా జపాన్ వాహక నౌకలకు తొమ్మిది దెబ్బలు తగిలాయనీ, అకాగి, కాగా మునిగాయనీ తేల్చాడు. ఆటను నడిపిస్తున్న అడ్మిరల్ ఉగాకి అడ్డుపడి తొమ్మిదిని మూడు చేశాడు. అకాగి బతికింది. మునిగిన కాగా కూడా తరవాతి ఆటలో తేలి వచ్చింది. అహంకారానికి ఇంతకన్నా నిదర్శనం ఉండదని డెబ్బై ఏళ్ళకు పైగా ఉగాకిని తిడుతున్నారు.

నాకు ఆ తిట్టు సగమే సబబుగా తోస్తుంది. యుద్ధక్రీడ జాతకం కాదు. ఒక పాచిక పడినంత మాత్రాన మిగతా పది రోజుల పథకాన్ని పరీక్షించకుండా ఆటను ఆపేస్తే అధికారులకు ఒరిగేదేమీ లేదు. నిర్ణేతలు అలా సర్దడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే. ఉగాకి తప్పు దెబ్బలు తగ్గించడంలో లేదు. మిడ్‌వే మీద దాడి జరుగుతున్న వేళ శత్రువు పక్కనుంచి వస్తే ఏమిటి అన్న ప్రశ్న ఆ బల్ల మీద లేచి కూర్చుంది. దానికి జవాబుగా గాలింపు విమానాల సంఖ్య ఏడు నుంచి పదిహేను కాలేదు. బల్ల చెప్పింది, కాగితం మీదికి ఎక్కలేదు. అమెరికాలోని న్యూపోర్ట్ నౌకాదళ కళాశాలలో రెండు యుద్ధాల మధ్య కాలంలో జపాన్‌తో యుద్ధాన్ని ఏళ్ళ తరబడి నేల మీద చిన్న ఓడలు జరుపుతూ ఆడారు. చివర్లో వచ్చిన ఆత్మాహుతి విమానాలు తప్ప ఆ యుద్ధంలో తమను ఆశ్చర్యపరిచింది ఏదీ లేదని పసిఫిక్‌లో అమెరికా నౌకాదళాన్ని నడిపిన అడ్మిరల్ నిమిట్జ్ తరవాత చెప్పాడు. కాస్త పెద్ద మాటే అది. కానీ ఆట వల్ల ఏమి నేర్చుకోవచ్చో ఆ మాటలో ఉంది.

ఆటల మీద నాకు కోపం లేదని చెప్పడానికే ఇదంతా. మిడ్‌వేను చాలా పుస్తకాల కంటే బాగా అర్థం చేయించగలిగినవి ఆటలే. 1964లో అవలాన్ హిల్ కంపెనీ తెచ్చిన మిడ్‌వే బల్ల ఆట చూడండి. ఇద్దరి మధ్య తెర ఉంటుంది. ఎవరి ఓడలు ఎక్కడున్నాయో ఎదుటివాడికి తెలియదు. వెతకాల్సిన చోటు పేరు చెప్పాలి, అవతలివాడు నిజం చెప్పాలి. ఒక్క సాయంత్రం ఆడితే వెతుకులాట అంటే ఏమిటో చేతికి తెలుస్తుంది: సముద్రం పెద్దది, కళ్ళు తక్కువ, ఒకచోట చూస్తే ఇంకోచోట గుడ్డి. అలాంటి ఆటలో ఓడినవాడు ‘నాలుగో నంబరు విమానం’ అనడు. అటు ఇంకో రెండు పంపాల్సింది అంటాడు.

ఇప్పటి ఆటలు వేరు దారి పట్టాయి. 2015లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌షిప్స్‌లో ఒక పోరు ఇరవై నిమిషాలకు మించదు. వెతకడం అక్కడ ఒక వ్యాసార్థం: ఇన్ని కిలోమీటర్ల లోపలికి వస్తే ఓడ కనిపిస్తుంది, దాటితే మాయమవుతుంది. ఆ ఆటలోకి టోనె కూడా 2021లో వచ్చింది, సగం క్రూయిజర్, సగం విమానవాహిక అన్న హోదాలో. 2013 నాటి కాంతాయ్ కలెక్షన్‌లో టోనె ఒక అమ్మాయి. జపాన్ యుద్ధనౌకలన్నీ అందులో అమ్మాయిలే. ఇలాంటివి పిల్లల్ని చెడగొడుతున్నాయని నేను గోల పెట్టను. ఆ ఆటల పుణ్యమా అని హైదరాబాదులో కూర్చున్న కుర్రాడికి సుజుయాకూ కుమానోకూ తేడా తెలిసింది, అది మామూలు సంగతి కాదు. కానీ ఓడను నమూనాగా తెచ్చేటప్పుడు ఫిరంగి గోపురం తిరిగే సెకన్లను కూడా సరిచూసుకునే శ్రద్ధ ఉన్నవాళ్ళకు, ఓడ జీవితం దగ్గరికి వచ్చేసరికి ఆ శ్రద్ధ ఎటు పోతుంది?

టోనె జీవితంలో 1944 మార్చి ఉంది. హిందూ మహాసముద్రంలో మిత్రరాజ్యాల వర్తక నౌకలను దెబ్బతీయడానికి అవోబా, టోనె, చికుమా బయల్దేరాయి. దళాన్ని నడిపిస్తున్న అడ్మిరల్ సకోంజు నవోమాసా అవోబా మీద ఉన్నాడు. టోనె కెప్టెన్ మయుజుమి హరువో. మార్చి 9న కోకోస్ దీవులకు నైరుతిగా ‘బెహార్’ అనే బ్రిటిష్ సరుకు ఓడ ఎదురుపడింది. ఆస్ట్రేలియా నుంచి బొంబాయి వస్తున్న ఓడ. అందులో పనిచేసేవాళ్ళలో భారతీయ నావికులు చాలామంది. టోనె దాన్ని ముంచి, బతికిన నూరుమందికి పైగా జనాన్ని పైకెక్కించుకుంది. మొత్తం దండయాత్రలో దొరికింది ఆ ఒక్క ఓడే. ఆపద సంకేతం బయటికి వెళ్ళిపోయింది గనక సకోంజు అక్కడితో వెనుదిరిగాడు.

బందీలను ఉంచుకోవద్దని పైనుంచి వచ్చిన ఆదేశం. మయుజుమి అభ్యంతరం చెప్పాడు, వాళ్ళను ఒడ్డుకు దించుతానని అడిగాడు. సకోంజు వినలేదు. బటావియా రేవులో కొందరిని దించారు. మిగిలిన దాదాపు 70 మందిని ఓడలోనే ఉంచుకుని టోనె మళ్ళీ సముద్రంలోకి వచ్చింది. మార్చి 18 రాత్రి డెక్ మీద ఒక్కొక్కరినీ చంపారు. యుద్ధంలో కాదు, పొరపాటున కాదు. తొమ్మిది రోజులు తమ ఓడలో తిండి పెట్టి ఉంచుకున్నవాళ్ళను.

1947లో హాంకాంగ్‌లో బ్రిటిష్ సైనిక న్యాయస్థానం విచారణ జరిపింది. సకోంజును 1948 జనవరిలో ఉరితీశారు. మయుజుమికి ఏడేళ్ళ జైలు. బతిమాలిన సంగతి ఆయనకు కొంత ఉపయోగపడింది. బతిమాలాక కూడా పని జరిగింది తన ఓడ మీదే, తన ఆజ్ఞ కింది మనుషుల చేతులతోనే. నౌకాయుద్ధ చరిత్ర ఇష్టపడేవారికి మయుజుమి పేరు తెలుసు. ఫిరంగి గురిలో దిట్ట అనీ, 1944 అక్టోబరులో సమర్ దగ్గర పోరులో టోనెను నడిపించింది ఆయనేననీ చెబుతారు. అంతకు ఏడు నెలల ముందు సంగతి అడిగితే చాలామంది ముఖం చూస్తారు.

క్యాటపల్ట్ ఆలస్యం గుర్తుండిపోయింది, బందీల హత్య గుర్తుండలేదు. నా అసలు ఫిర్యాదు ఇదే. ఒకే ఓడ, ఒకే ఆరేడేళ్ళ జీవితం. అందులో లేని దోషాన్ని ఏరి పట్టుకున్నారు, ఉన్న నేరాన్ని జారవిడిచారు. ‘దురదృష్టపు ఓడ’ అన్న ముద్ర ఎంత హాయిగా ఉంటుందో చూడండి. దురదృష్టపు ఓడ మీద జాలి కలుగుతుంది, జాలి కలిగితే అమ్ముడుపోతుంది. డెక్ మీద బందీలను నరికిన ఓడ అంత తేలిగ్గా అమ్ముడుపోదు.

దీనికి వచ్చే జవాబులు నాకు తెలుసు. ఓడ ఇనుము, ఇనుముకు పాపం ఉండదు అంటారు. ఒప్పుకుందాం. ఇనుముకు పాపం లేకపోతే దురదృష్టం కూడా ఉండకూడదు. ఉక్కు ముద్దకు ఆత్మ, గొంతు, చిరునవ్వు, నిట్టూర్పు ఇచ్చి ఆడుకుంటూ, లెక్క అప్పగించాల్సి వచ్చేసరికి అది ఇనుమేగా అనడం కుదరదు. ఆట ఆటే, చరిత్ర పాఠం కాదు అని మరికొందరు. నేను పాఠం అడగడం లేదు. ఓడను ఎంచుకునే తెర మీద ఎలాగూ నాలుగు వాక్యాల పరిచయం ఉంటుంది. ఎక్కడ తయారైంది, ఏ పోరులో పాల్గొంది, 1945 జులైలో కురే దగ్గర విమానదాడుల్లో ఎలా మునిగింది అని రాస్తారు. వాటి మధ్య ఐదో వాక్యం పట్టదా?

చివరిగా వచ్చేది, మిగతావాళ్ళు మాత్రం శుద్ధపూసలా అన్న మాట. శుద్ధపూసలు కారు. 1943 జనవరి 26న అమెరికా జలాంతర్గామి వాహూ, బుయో మారు అనే జపాన్ రవాణా ఓడను ముంచింది. దాని కెప్టెన్ మోర్టన్ నీళ్ళలో, పడవల్లో ఉన్నవాళ్ళ మీద కాల్పులు జరిపించాడు. ఆ ఓడలో జపాన్ సైనికులతో పాటు 491 మంది భారతీయ యుద్ధఖైదీలు ఉన్నారు. వాళ్ళలో 195 మంది ఆ రోజు చనిపోయారు. ఆ సంగతి అమెరికన్లకు అప్పుడు తెలియదు. మోర్టన్‌కు పతకాలు వచ్చాయి, విచారణ జరగలేదు. వాహూ కూడా జలాంతర్గామి ఆటల్లో పేరున్న పడవే. కాబట్టి నా కోరిక టోనె దగ్గర ఆగదు. టోనె పరిచయంలో బెహార్ పేరు రాసే రోజున వాహూ పరిచయంలో బుయో మారు పేరు కూడా రాయండి. రెండు ఓడల్లోనూ చచ్చినవాళ్ళలో మనవాళ్ళున్నారు, రెండు దేశాల ఆటగాళ్ళకూ వాళ్ళ పేర్లు తెలియవు.